బకెట్టు మక్కలకు వచ్చిన బిరుదు

ఆ ఫొటోలో గొర్రెలు తమ కాపరిని చూసి పరుగెత్తి రావడం లేదు. మా కెమెరా క్లబ్బు ట్రెజరర్ చేతిలోని బకెట్టును చూసి వస్తున్నాయి. బకెట్టులో మక్కలున్నాయి, అంటే మొక్కజొన్న గింజలు. కాపరి చెయ్యెత్తింది దీవించడానికి కాదు, పిలవడానికీ కాదు. "బకీటు ఇడిశిపెట్టి ఉరుకు సారూ, తొక్కి సంపుతయి!" అని ట్రెజరర్ మీద అరుస్తున్నాడు. ఫొటో కింద కుడి మూలన బకెట్టు నీలం అంచు కొద్దిగా కనిపించేది. దాన్ని కంప్యూటర్లో కత్తిరించింది నేనే.

ఆ ఫొటోతో అచ్చయిన మా చర్చి క్యాలెండరును గోడకు తగిలించుకున్న ప్రతి ఇంటికీ చెప్పాల్సిన ముక్క ఇది. నోటితో ఒకసారి చెప్పాను. విన్నవాళ్ళలో సగం మంది నమ్మలేదు, మిగతా సగం నా వినయాన్ని మెచ్చుకున్నారు. అందుకని రాసి పెడుతున్నాను.

నాకు యాభై దాటాయి. హన్మకొండలో ఉంటాను. ఇన్సూరెన్సు పాలసీలు కట్టించడం నా వృత్తి. నడివయసులో నా తోటివాళ్ళను షుగరో ప్లాట్ల పిచ్చో పట్టుకుంటే నన్ను కెమెరా పట్టుకుంది. మొదట పూలు తీశాను. తర్వాత వేయి స్తంభాల గుడి తీశాను. ఆ గుడిని తీయని మనిషి వరంగల్లోనే లేడని తెలిశాక క్లబ్బులో చేరాను.

చేరాకే తెలిసింది, అచ్చంగా మాలాంటి సరదా ఫొటోగ్రాఫర్ల కోసమే లోకమంతా పోటీలు నడుస్తుంటాయని. ఎక్కడో ఒక దేశంలో జడ్జీలు కూర్చుంటారు. మనం రుసుము కట్టి ఫొటోలు పంపుతాం. నచ్చిన దాన్ని అంగీకరించామని కబురు చేస్తారు. మరీ నచ్చితే మెడల్ ఇస్తారు. ఈ అంగీకారాలను చీమలు చక్కెర మోసినట్టు ఒక్కొక్కటే పోగు చేసుకుంటూ పోతే, చివరికి ఒక పెద్ద సంఘంవారు బిరుదు ఇస్తారు. ఆ బిరుదును పేరు చివర పొట్టి అక్షరాలుగా రాసుకోవచ్చు. అంతకు మించి దానితో చేయగలిగిందేమీ లేదు.

"గా అచ్చరాలు పేరెనక పెట్టుకుంటె కరెంటు బిల్లేమన్న తక్కువొస్తదా?" అంది మా ఆవిడ.

"ఇజ్జత్ వస్తది" అన్నాను.

"ఉన్న ఇజ్జతే సంబాళించుకుంటలేవు. ఆదివారమాదివారం చర్చి ఎగ్గొడితివి. మా అన్నయ్య అడుగుతాండు, బావేమన్న బాప్టిజం వాపస్ ఇచ్చిండా అని."

ఏం చేస్తాం, క్లబ్బు ఔటింగులు ఆదివారమే ఉండేవి. తక్కిన రోజుల్లో అందరికీ ఉద్యోగాలు. మా ట్రెజరర్ ఒక్కడే రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. మనిషి లావు, చెయ్యి పొదుపు. నాలాగే ఆయనకూ బిరుదు మీద ఆశ.

పొద్దువాలే వేళ వెనకనుంచి వెలుగు పడుతుంటే, బంగారు దుమ్ములోంచి నడిచి వచ్చే గొర్రెల మంద. ఈ దేశంలో కెమెరా కొన్న ప్రతివాడికీ కావలసిన బొమ్మ అది. అంతమంది పంపితే జడ్జీలకు విసుగు రాదా అని మీకు అనిపించవచ్చు. రాదు. ఎందుకు రాదో నాకూ తెలియదు. ఒక చలికాలం మేము ఆ బొమ్మ వెతుక్కుంటూ తొర్రూరు దాటి, మెయిన్ రోడ్డు మీంచి లోపలికి మళ్ళి, ఒక ఊరు చేరాం. అక్కడే ఆ కాపరి దొరికాడు.

నా వయసువాడే. దట్టమైన మీసం, భుజాన గొంగడి, ఒక మోకాలు సరిగా వంగదు. కాపరులు కెమెరాను చూసి సిగ్గుపడతారని మా క్లబ్బువాళ్ళు చెప్పేవారు. ఈయన మమ్మల్ని చూడగానే మీసం దువ్వుకుని, గొంగడిని ఎడమ భుజం మీదినుంచి కుడి భుజం మీదికి మార్చి, "గిటు మంచిగొస్తద, గటు మంచిగొస్తద?" అని అడిగాడు.

మంద వచ్చింది. నడుచుకుంటూ, మేసుకుంటూ, ఏ తొందరా లేకుండా వచ్చింది. చిటికెడు దుమ్ము కూడా లేవలేదు. మాలో ఒకరు వెనకనుంచి అదిలిద్దామన్నారు.

"కొట్టద్దు సారూ" అన్నాడు కాపరి. "కొడితె ఎటువడితె అటు వోతయి. ఉరుకుడు గావాల్నంటె మక్కలు జూపెట్టుండ్రి. సక్కగ మీ మీదికే వస్తయి."

మరుసటి ఆదివారం ట్రెజరర్ తమ స్నానాల గదిలోని నీలం బకెట్టు నిండా మక్కలు తెచ్చాడు. మేము మూడు కాళ్ళ స్టాండ్లు పాతి, కెమెరాలు బిగించుకుని వరసగా నిలబడ్డాం. ఆయన మా వెనక నిలబడి బకెట్టు గలగలలాడించాడు. మందంతా ఒక్కసారి తల ఎత్తింది. ఆ తర్వాత ఏం జరిగిందో క్యాలెండరులో చూడవచ్చు.

ఒక్క పరుగుతో మంచి ఫొటో పడదు. ఒకరిది మసకగా వస్తుంది, ఒకరి కెమెరాకు అడ్డంగా ఇంకొకరి టోపీ పడుతుంది. అందుకని మళ్ళీ, మళ్ళీ. కాపరి మందను వెనక్కి తోలుకుపోవడం, మేము స్టాండ్లు సర్దుకోవడం, ట్రెజరర్ బకెట్టు ఆడించి వాటి ముందు దింపడం. గొర్రెలకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ చలికాలం ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. ఒక సాయంత్రం ట్రెజరర్ మక్కలు ఆదా చేద్దామని బకెట్టు కిందకు దింపకుండా ఛాతీకి హత్తుకుని, నా కుడి పక్కన ఒకడుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు. మంద ఆయన మీదికే వచ్చింది. కాపరి చెయ్యెత్తి అరిచాడు. నేను బటన్ నొక్కాను. ట్రెజరర్ తర్వాత వెల్లకిలా పడ్డాడు గానీ దెబ్బలేమీ తగల్లేదు.

ఆ ఫొటోకు వరసగా అంగీకారాలు వచ్చాయి, మెడళ్ళు వచ్చాయి. మా క్లబ్బులో మిగతావాళ్ళూ అవే గొర్రెలను, అదే కాపరిని పంపారు. వరంగల్లో కాపరి ఒక్కడే ఉన్నాడని కొన్ని దేశాల వాళ్ళు అనుకుని ఉంటారు. చివరికి బిరుదు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు ఫొటోలతో పాటు నా పద్ధతి గురించి కొన్ని వాక్యాలు రాయమన్నారు. రాశాను. దృశ్యంలో నేను జోక్యం చేసుకోనని, ప్రకృతి తనంతట తాను తెరుచుకునే క్షణం కోసం ఓపికగా ఎదురుచూస్తానని రాశాను. రాస్తున్నప్పుడు నాకే గుండె నిండిపోయింది. బిరుదు వచ్చింది.

గేటు మీది బోర్డులో నా పేరు చివర అక్షరాలు చేర్పించాను. పాలసీ కట్టడానికి వచ్చిన ఒక పెద్దాయన వాటిని చూసి, తన నడుం నొప్పికి మందు రాసివ్వమన్నాడు.

డిసెంబరులో మా పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి, కొత్త సంవత్సరం క్యాలెండరుకు ఆ ఫొటో కావాలన్నారు. కాపరీ గొర్రెలూ, ఇంతకంటే ఏం కావాలి? మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. కెమెరా కొన్నాక ఆమె ముఖం అలా వెలగడం అదే మొదలు. ఇచ్చాను. క్యాలెండర్లు పంచిన ఆదివారం అయ్యగారు ఆ ఎత్తిన చెయ్యి మీదే ప్రసంగం చెప్పారు. ఆ చేతిలో అధికారం ఉందన్నారు, జాలి ఉందన్నారు. ఒక్కో గొర్రెనూ పేరు పెట్టి పిలుస్తున్న చెయ్యి అన్నారు. ముందు వరుసలో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. తర్వాత సాక్ష్యం చెప్పమని నన్ను లేపారు. కూర్చున్నా సరిపోయేది. లేచి, ఆ వెలుగు కోసం నేను ఎన్నో ఆదివారాలు ప్రార్థనలో కనిపెట్టుకుని ఉన్నానని చెప్పాను. ఆ ఆదివారాల్లో నేను చర్చికి ఎందుకు రాలేదో కూడా దాంతో తేలిపోయింది.

జనవరిలో ఒకరోజు కాపరి ఫోన్ చేశాడు.

"సారూ, ఏడున్నరు?"

"ఆఫీసుల ఉన్న. ఏందే?"

"నా కొంప మునిగింది. గొర్లు సర్వేయోళ్ళ మీద వడ్డయి."

కాలువ సర్వే చేయడానికి మనుషులు వచ్చారట. మిరపతోటకు అవతల మూడు కాళ్ళ స్టాండు పాతి, దాని మీద పరికరం బిగించారట. తోటకు ఇవతల మంద మేస్తోంది. ముందు నడిచే ముసలి గొర్రె తల ఎత్తి ఆ మూడు కాళ్ళను చూసింది. కాపరి 'హోయ్' అనేలోపు మందంతా మిరపతోటకు అడ్డం పడి ఉరికింది. చెట్లు విరిగాయి, నీళ్ళ పైపులు ఊడాయి. సర్వే చేసే కుర్ర ఇంజనీరు జీపు ఎక్కి కూర్చున్నాడు. గొర్రెలు అతనికేమీ హాని చేయలేదు. స్టాండు చుట్టూ నిలబడి, కిందికి దిగి ఏమైనా పెడతాడేమోనని చాలాసేపు పైకి చూశాయట.

నేను నవ్వాను. అది కూడా చెప్పాలి. అవతల ఫోన్లో కాపరి నవ్వలేదు.

ఆదివారం వెళ్ళాను. స్టాండు కనిపిస్తే చాలు, నిజంగా ఉరికి వస్తాయా అని చూద్దామని ఊరవతల బండి దిగి, బకెట్టు లేకుండా, మక్కలు లేకుండా స్టాండు కాళ్ళు విప్పాను. చాలా దూరాన, పత్తికట్టె పీకేసిన చెలకలో, తెల్లటి చుక్కల్లాంటి మంద ఒక్కసారి నా వైపు తిరిగింది. ఆ తర్వాత నేను చేసిన పని స్టాండు అక్కడే వదిలేసి కల్వర్టు గోడ ఎక్కడం.

కాపరి కుంటుకుంటూ వచ్చి, గోడ మీదున్న నన్ను, కింద గుమిగూడిన గొర్రెలను చూశాడు.

"ఇగ సూడుండ్రి. నా కేక ఇనవట్టి నాలుగూళ్ళల్ల నాకు పేరుండె. ఇప్పుడు నీ మూడు కాళ్ళ కట్టెకున్న విలువ నాకు లేదు."

"మేం రాకుంట ఉంటె మర్శిపోతయేమో" అన్నాను.

"మీరు రాకుంటె హైదరాబాదోళ్ళు వస్తాండ్రు. మీ ఫొటో జూసి ఖమ్మం నుంచి గూడ వస్తాండ్రు. అందరి చేతిల బకీటే."

ఆయనకు జరిగిన నష్టం ఏమిటో అప్పుడు నాకు అర్థమైంది. మా వైపు ఎండాకాలంలో పంట కోసిన చేలల్లో మంద పెట్టిస్తారు. అంటే గొర్రెలను రాత్రిళ్ళు ఆ చేనులోనే పడుకోబెడతారు. పెంట, మూత్రం నేలకు ఎరువు. కాపరికి రైతు గింజలో పైసలో ఇస్తాడు, పూట బువ్వ పెడతాడు. అయితే పక్క మడిలో ఇంకా పంట ఉంటుంది కాబట్టి, గట్టు దాటని మందనే పిలుస్తారు. ఈయన మంద గట్టు దాటదని పేరు. అందువల్ల చుట్టుపక్కల రైతులే పిలిచేవారు. తక్కిన కాపరుల్లా ఆయన ఎండాకాలమంతా గోదావరి ఒడ్డు దాకా మందను తోలుకుపోవలసిన పని ఉండేది కాదు. ఆ మోకాలితో పోలేడు కూడా. మిరపతోట రైతు నోరు పెద్దది. ఆయన చెప్పాక, ఏటా పిలిచే వాళ్ళందరూ ఈసారి చూద్దాంలే అన్నారట.

"ఎవ్వలు పిలువకుంటె?" అని అడిగాను.

"సగం గొర్లను అమ్ముకోవాలె. లేకుంటె కాలు అమ్ముకోవాలె."

మిరపతోట రైతు దగ్గరికి వెళ్ళి నష్టం కట్టాను. ఇన్సూరెన్సులో ఎన్నో క్లెయిములు చూశాను గానీ, ఈ నష్టానికి కారణం అన్న చోట ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. రైతు పైసలు జేబులో పెట్టుకుని, "గిది సరే. మళ్ల రావని గ్యారంటీ ఏంది?" అన్నాడు. నా వృత్తి తెలిసి అడిగాడో, ఊరికే అడిగాడో గానీ నేను తల దించుకున్నాను.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని మొత్తం చెప్పాను. బకెట్టు సంగతి మా ఆవిడకు తెలియడం అప్పుడే. ఆమె గోడ మీది క్యాలెండరు వైపు తిరిగింది.

"అంటె గా చెయ్యి..."

"ట్రెజరర్ను ఉరుకుమంటాండు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతుంటే తెలిసింది, నవ్వుతోంది. నవ్వు ఆగాక కోపం వచ్చింది. కోపం తగ్గాక చారు పోసింది. చారు పోస్తూ చెప్పింది.

"మన పిలగాడు చిన్నప్పుడు కిరాణం దుకాణం కనవడితె చాలు, చాక్లెట్ అని కిందవడి దొర్లుతుండె, యాదికుందా? నేనేం జేసిన? దుకాణం తప్పిచ్చుకొని పోయిన్నా? రోజు గదే దుకాణం ముంగటికెళ్ళి తీస్కపోయిన. కొనియ్యలే. కొన్నొద్దులకు అటు సూసుడే బంద్ జేసిండు. నువ్వు గూడ పోయి గా కట్టె వట్టుకొని నిలవడు. ఏం పెట్టకు."

అలా నేను గొర్రెల ముందు ఊరికే నిలబడడం మొదలుపెట్టాను.

చదవడానికి ఇది చిన్న వాక్యం. చేయడానికి రెండు నెలలు పట్టింది. ఆదివారాలు చాలక, పాలసీల పని ఆ వైపు పడిన రోజుల్లో కూడా వెళ్ళేవాణ్ణి. స్టాండు పాతి, కెమెరా పెట్టి, టోపీ పెట్టుకుని నిలబడేవాణ్ణి. మంద వచ్చేది. నన్ను చుట్టుముట్టి, చేతులు వాసన చూసి, జేబులు వాసన చూసి, స్టాండును ముట్టెలతో పొడిచి, కెమెరాకు వేలాడే పట్టీని నమిలి, ఏమీ దొరక్క నా ముఖంలోకి చూసేది. అంతమంది ఒకేసారి ఆశగా చూస్తుంటే ఏమీ పెట్టకుండా నిలబడడం కష్టం. ఒకరోజు జేబులోని బిస్కెట్టు మీదికి నా చెయ్యి దానంతట అదే పోయింది.

"సారూ!" అని కాపరి దూరంనుంచి అరిచాడు. "నువ్వే మొదలువెట్టినవ్, మళ్ల నువ్వే ఖరాబు జేస్తానవ్!"

అలవాటు మాన్పించవలసింది గొర్రెలకు మాత్రమే కాదు. నేను స్టాండు విప్పిన ప్రతిసారీ ఆయన చెయ్యి మీసం మీదికి పోయేది, గొంగడి భుజం మారేది. "తీస్తలేనే" అని గుర్తు చేయాల్సి వచ్చేది. "అవునవును" అని గొంగడి దించుకుని, కాసేపటికి మళ్ళీ సర్దుకునేవాడు. ఏమాటకామాట, బయటి ఫొటోగ్రాఫర్లు వస్తే ఆయనే తిప్పి పంపేవాడు. అది ఆయనకు సులువైన పని కాదు. ఒకసారి ఒక కారు నిండా వచ్చినవాళ్ళను పంపించేసి, "వాళ్ళ కెమెరా మస్తుండె సారూ, గింత పొడువు" అని చేతులు చాపి చూపించాడు.

కొన్ని వారాలకు మంద పరుగు మాని నడిచి రావడం మొదలుపెట్టింది. తర్వాత సగం మందే వచ్చేది. వచ్చినవి కూడా పక్కింటికి పేరంటానికి పోయినట్టు వచ్చి, ఓసారి చూసి పోయేవి. ఇక గట్టెక్కామనుకుంటున్న ఆదివారం ఊరి మలుపు దగ్గర మా ట్రెజరర్ స్కూటరు కనిపించింది. ముందు నీలం బకెట్టు ఉంది.

"నాకు ఇంకొన్ని అంగీకారాలే తక్కువున్నయి తమ్మీ" అన్నాడు. "ఒక్కసారి. ఒకే ఒక్కసారి ఉరికిద్దాం."

"ఒక్కసారి పెడితె మళ్ల మొదటికొస్తది అన్నా. ఆయన బతుకు పోతది."

"నీకొచ్చింది కదా. వచ్చినంక నీతులు మస్తుంటయి."

నిజమే, నాకు వచ్చింది. స్కూటరు ముందు నిలబడ్డాను. ఆయన హారన్ కొట్టాడు. ఇద్దరం వయసైన మనుషులం, నడిరోడ్డు మీద ఒక బకెట్టు చెరో పక్క పట్టుకుని లాగుకున్నాం. మక్కలు రోడ్డు మీద ఒలికాయి. గొర్రెలు అప్పటికి ఊరవతల ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. ఊళ్ళో కోళ్ళన్నీ వచ్చి తిన్నాయి. ట్రెజరర్ ఖాళీ బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. నాతో ఇప్పటికీ మాట్లాడడు. ఆయన వేరే ఊళ్ళో వేరే మందను చూసుకున్నాడని విన్నాను.

ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. వచ్చినంక నీతులు. అందుకని బిరుదు ఇచ్చిన సంఘానికి నిజం రాశాను. ఆ ఫొటో మక్కలతో తీసిందని, నా పద్ధతి గురించి రాసిన వాక్యాలు అబద్ధమని, బిరుదు వెనక్కి తీసుకోవచ్చని రాశాను. జవాబు మర్యాదగా వచ్చింది. నేను ఆ ఫొటో పంపిన విభాగంలో జోక్యం నిషేధం కాదట. నిజాయితీకి అభినందనలట. పనిలో పనిగా సభ్యత్వం రెన్యువల్ చేసుకోమని గుర్తు చేశారు. కాబట్టి బిరుదు అక్కడ అలాగే ఉంది. గేటు బోర్డు మీది అక్షరాలను మాత్రం నేనే గీకేశాను. గీకిన చోట తెల్లటి మరక పడి ఇప్పుడు అవి మరింత బాగా కనిపిస్తున్నాయి.

చర్చిలో సాక్ష్యాల సమయంలో లేచాను. బకెట్టు, మక్కలు, చెయ్యి, అన్నీ చెప్పాను. వెనక బెంచీలో ఎవరో పిల్లవాడు కిసుక్కుమన్నాడు. అయ్యగారు గొంతు సవరించుకుని, "బ్రదర్ తన్ను తాను తగ్గించుకుంటున్నారు" అన్నారు. అందరూ 'ఆమెన్' అన్నారు. బయట చెప్పుల దగ్గర నన్ను పక్కకు పిలిచి, "నిజమేనా?" అని అడిగారు. నిజమేనన్నాను. ఆయన, "క్యాలెండర్లన్నీ పంచేసినం బ్రదర్. డిసెంబర్ దాక జర ఓపిక వట్టుండ్రి" అన్నారు.

ఎండలు ముదిరాయి. తోటలో మిరపకాయల చివరి ఏరుడుకు ముందు మిరపతోట రైతు కాపరికి కబురు చేశాడు. వచ్చి మందను చూపించమని, నచ్చితే పిలుస్తానని. ఆయన పిలిస్తే తక్కినవాళ్ళు పిలుస్తారు, ఆయన కాదంటే ఎవరూ పిలవరు. నన్ను స్టాండు తీసుకుని రమ్మన్నారు.

మందను రోడ్డు పక్క బీడులో ఆపారు. బీడును ఆనుకుని మిరపతోట ఒకటి ఉంది. రైతు నన్ను ఆ చిన్న తోట దాటించి, అవతలి గట్టు మీద స్టాండు పాతించి, తాను వెనక్కి పోయి కాపరి పక్కన నిలబడ్డాడు; వాళ్ళ మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. గొర్రెలు ఉరికితే తోట మీదుగానే రావాలి.

"మామా, తోట తొక్కితె మళ్ల నన్నంటవ్" అన్నాడు కాపరి.

"నాది కాదులే. గిది మా తమ్మునిది. వానికీ నాకు మాటల్లేవు" అన్నాడు రైతు.

కాపరిని నోరు తెరవొద్దన్నాడు. స్టాండు కాళ్ళు విప్పమని నాకు సైగ చేశాడు. విప్పాను. టోపీ పెట్టుకున్నాను. రైతు ఊరుకోకుండా తన రుమాలు మూట విప్పాడు. అందులో మక్కలున్నాయి.

కాపరికి మండిపోయింది. "మక్కలు జూపెడితె గొర్లెందుకు, నువ్వు గూడ ఉరుకుతవ్ మామా! కట్టె అన్నవ్, కట్టెనే సూడు."

రైతు నవ్వుకుంటూ మూట కట్టేశాడు.

ముసలి గొర్రె తల ఎత్తింది. నా వైపు చూసింది. దాన్ని చూసి మరికొన్ని తలలు లేచాయి. నేను చేతులు రెండూ శరీరానికి అంటించుకుని నిలబడ్డాను. రెండు నెలలుగా చేస్తున్న పనే, ఆ రోజు మాత్రం జేబులు ముందే ఖాళీ చేసుకుని వచ్చాను. కాపరి గొంగడి రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. మీసం మీదికి చెయ్యి పోలేదు. ముసలి గొర్రె రెండడుగులు ముందుకు వేసింది. ఆగింది. నా వైపు చూసిన ఆ చూపును నేను బాగా ఎరుగుదును. పాలసీ గురించి చెబుతున్నప్పుడు జనం నన్ను చూసే చూపు. తల దించి గడ్డి మేయడం మొదలుపెట్టింది. మిగతావి కూడా మేతలో పడ్డాయి.

ఒక కుర్ర పొట్టేలు మాత్రం గట్టు పట్టుకుని బుద్ధిగా నడిచి వచ్చి, స్టాండు కాలికి ఒళ్ళు రుద్దుకుంది.

"ఒగటొచ్చింది" అన్నాడు రైతు.

"ఒగటొస్తె మందొచ్చినట్టేనా? నీ బిడ్డ పెండ్లికి నేనొక్కన్నే వస్తె ఊరంత వచ్చినట్టా?"

"పిలువు మరి."

కాపరి నాలుక మడిచి కేక వేశాడు. పొట్టేలు చెవులు నిక్కించి, వచ్చిన గట్టు మీదే తిరిగి పోయింది. ఒక్క మిరపచెట్టు కూడా కదల్లేదు. రైతు గడ్డం గోక్కున్నాడు.

"సరె తియ్. ఏరుడు అయిపోంగనే తోలుకరా. ముందుగల ఒక్క మడిల వెట్టు. సూస్త."

"ఒక్క మడికి నేను రాను. పెడితె మొత్తం వెట్టిచ్చుకో."

"అగో, అప్పుడే బేరమా?"

ఇద్దరూ బేరంలో పడ్డారు. గింజల సంగతి, బువ్వ సంగతి, కూరలో కారం సంగతి. మాట్లాడుకుంటూ రోడ్డెక్కి ఊరి వైపు నడిచిపోయారు, మంద వాళ్ళ వెనకాల పోయింది. నేనొకణ్ణి అక్కడున్నానని ఎవరికీ గుర్తు రాలేదు. స్టాండు మడుస్తుంటే తోటలోంచి ఒకతను చేతిలో కొడవలితో వచ్చాడు. ముఖం చూస్తే ఆ రైతు తమ్ముడేనని తెలిసింది.

"ఎవలయా నువ్వు? నా గట్టు మీద నీకేం పని?"

"గొర్లాయన మనిషిని" అన్నాను.

అతను నా టోపీని, చేతిలోని కట్టెలను చూశాడు. తలపాగా వెనక్కి జరుపుకుని, రోడ్డు మీద పోతున్న మంద వైపు చూశాడు.

"మా అన్న మాట్లాడుకున్నడా మంద?"

"మాట్లాడుకున్నడు."

"వాడు మాట్లాడుకుంటె నేనెందుకు తక్కువ? నా మడిల గూడ వెట్టాలని చెప్పు. వానికంటె ముందుగల నాకే వెట్టాలె, గది గూడ చెప్పు."

స్టాండు భుజాన వేసుకుని, కాపరిని కేకలేస్తూ రోడ్డు మీదికి పరుగెత్తాను.